డబ్బే ముద్దాయి: అమెరికాలో జప్తు సొమ్ము, దొడ్డిదారి, దానికి రాష్ట్రాలు వేసిన అడ్డుకట్ట

(ఆస్తి – చట్టం – వివక్ష వరుసలో 9వ భాగం)



అమెరికా ఫెడరల్ కోర్టులో నడిచిన ఒక కేసు పేరు ఇది: అమెరికా సంయుక్త రాష్ట్రాలు వర్సెస్ 1,24,700 డాలర్ల నగదు. ఇక్కడ ముద్దాయి మనిషి కాదు, నోట్ల కట్టలు. పేరు విని మా డిగ్రీ పిల్లలు నవ్వారు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ డబ్బు పోగొట్టుకున్నవాడికి నవ్వు రాదు.

2003లో నెబ్రాస్కా రాష్ట్రంలో 80వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి మీద ఒక రాష్ట్ర పోలీసు అద్దె కారును ఆపాడు. స్పానిష్ మాట్లాడే మనిషి, ఇంగ్లీషు అంతంత మాత్రం. కారులో ఒక కూలర్, అందులో ప్లాస్టిక్ చుట్టిన నోట్ల కట్టలు. మత్తుపదార్థాలు దొరకలేదు. కుక్క మాత్రం వాసన పట్టిందన్నారు. స్నేహితులమంతా వేసుకుని, షికాగోలో ఒక రిఫ్రిజిరేటెడ్ ట్రక్కు కొనడానికి తెచ్చుకున్న డబ్బు అని ఆయన కోర్టులో చెప్పాడు. డబ్బేమీ లేదని మొదట పోలీసుతో అబద్ధమాడాడు, అదీ నిజమే. కింది కోర్టు ఆయన మాట నమ్మింది. 2006లో 8వ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసి, సొమ్ము ప్రభుత్వానిదే అంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. కారు ఆపింది రాష్ట్ర పోలీసు, కేసు నడిచింది ఫెడరల్ కోర్టులో. నెబ్రాస్కా సొంత చట్టం ప్రకారం ఆస్తి జప్తు కావాలంటే సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి. ఫెడరల్ చట్టానికి అంత అక్కర్లేదు, తక్కెడ కాస్త అటు మొగ్గితే చాలు. ఒకే రోడ్డు, ఒకే కారు, ఒకే సొమ్ము. ఏ గుమ్మంలోకి పట్టుకెళ్తారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఈ రోజు రాస్తున్నది ఆ రెండు గుమ్మాల మధ్య దారి గురించి, ఆ దారి మూయడానికి కొన్ని రాష్ట్రాలు చేసిన ప్రయత్నం గురించి.

ముందు, వస్తువు మీద కేసు పెట్టడమనే వింత ఎక్కడిదో చూద్దాం. ఇంగ్లండులో పాతకాలపు ఆచారం ఒకటుండేది. బండి కిందపడి మనిషి చనిపోతే ఆ బండే దోషి, రాజుకు చెందిపోతుంది. రైళ్లొచ్చి ఇంజన్లు మనుషుల్ని చంపడం మొదలుపెట్టాక, 1846లో ఆ ఆచారాన్ని రద్దు చేశారు. రైలు కంపెనీల ఆస్తి దాకా వచ్చేసరికి అది అన్యాయంగా కనబడింది! ఓడల విషయంలో మాత్రం ఈ ఆలోచన బతికింది. దొంగ ఓడ దొరుకుతుంది, యజమాని ఏ సముద్రానికి అవతలో ఉంటాడు, కాబట్టి ఓడ మీదే కేసు. 1827లో పాల్మైరా అనే ఓడ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. యజమానికి శిక్ష పడకపోయినా ఓడను జప్తు చేయవచ్చంది. ఆ పద్ధతిలోనే అమిస్టాడ్ అనే ఓడ పేరు మీద నడిచిన కేసు 1841లో సుప్రీంకోర్టులో తేలింది. ఆ ఓడలో ఉన్న ఆఫ్రికన్ మనుషులు సరుకా, మనుషులా అన్నదే అక్కడ తేలాల్సిన ప్రశ్న. చివరికి వాళ్లు స్వతంత్రులేనని కోర్టు చెప్పింది. కానీ చూడండి, వస్తువు కోర్టులో ముద్దాయిగా నిలబడగలిగిన కాలంలోనే మనిషి వస్తువుగా లెక్కకొచ్చాడు.

ఓడల చట్టం రోడ్ల మీదికి ఎక్కింది 20వ శతాబ్దం చివర్లో. 1970లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం మత్తుపదార్థాలను, వాటిని మోసే వాహనాలను జప్తు చేయనిచ్చింది. 1978లో డబ్బును కూడా చేర్చారు. అసలు మలుపు 1984. రీగన్ కాలంలో వచ్చిన సమగ్ర నేర నియంత్రణ చట్టం, జప్తు సొమ్ము కోసం న్యాయశాఖలో ప్రత్యేక నిధి పెట్టింది. పట్టుకోవడంలో సాయపడిన రాష్ట్ర, స్థానిక పోలీసులకు అందులో వాటా ఇవ్వవచ్చంది. దానికి పెట్టిన పేరు ఈక్విటబుల్ షేరింగ్, అంటే న్యాయమైన పంపకం. తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి, పేర్ల దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. మనవాళ్లు "దొంగలు దొంగలు ఊళ్లు పంచుకున్నట్టు" అంటారే, అక్కడ కూడా పంపకం న్యాయంగానే జరుగుతుంది. ఊరివాళ్లనే ఎవరూ అడగరు.

ఈ దారి ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ చేసిన ప్రసంగం దగ్గరికి వెళ్లాలి. అమెరికా ఫెడరేషన్‌కూ మనదానికీ తేడా ఆయన అక్కడ విప్పి చెప్పారు. అక్కడ కేంద్రానికి ఒక న్యాయవ్యవస్థ, రాష్ట్రాలకు మరొకటి, రెండూ వేరువేరు. మనకు కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే నిచ్చెన. సివిల్, క్రిమినల్ చట్టాల్లో కూడా మౌలికమైన విషయాల్లో దేశమంతటా ఒకే తీరు ఉండాలని ఆయన పట్టుబట్టారు. అమెరికాలో ఆ రెండు నిచ్చెనల మధ్య ఖాళీ ఉంది. జప్తు సొమ్ము జారిపోయేది ఆ ఖాళీలోంచే.

పని తీరు ఇలా ఉంటుంది. ఊరి పోలీసు రోడ్డు మీద డబ్బు పట్టుకుంటాడు. రాష్ట్ర చట్టం కఠినంగా ఉంటే రాష్ట్ర కోర్టుకు వెళ్లడు. ఫెడరల్ సంస్థకు, ఎక్కువగా మాదకద్రవ్యాల నిరోధక సంస్థకు, సొమ్ము అప్పగిస్తాడు. వాళ్లు దాన్ని "దత్తత" తీసుకుంటారు. ఈ మాట నేను కల్పించింది కాదు, వాళ్ల అధికారిక పదమే అడాప్షన్. ఫెడరల్ చట్టం కింద జప్తు పూర్తయ్యాక 80 శాతం దాకా ఆ ఊరి పోలీసు శాఖకే తిరిగొస్తుంది. కేంద్రం దగ్గర ఆగేది 20 శాతం. సొమ్ము వాషింగ్టన్ దాకా కాగితం మీద ప్రయాణం చేసి, ఊరి పోలీస్ స్టేషన్‌కే కొత్త బట్టలతో తిరిగొస్తుందన్నమాట.

ఉత్తర కరోలినా చూడండి. అక్కడి రాజ్యాంగంలోనే రాసి ఉంది: జరిమానాలు, జప్తుల నికర సొమ్ము ప్రభుత్వ పాఠశాలలకు పోవాలి. మామూలుగా శిక్ష పడకుండా జప్తు కూడా కుదరదు. కాగితం మీద ఇంతకంటే మంచి చట్టం దొరకదు. అయినా అక్కడి పోలీసు శాఖలు ఫెడరల్ దారిలో ఏటా లక్షల డాలర్లు తెచ్చుకుంటూనే ఉన్నాయి. బడిపిల్లల పుస్తకాలకు పోవాల్సింది పెట్రోలింగ్ కార్లకు పోతుంది. మిస్సోరిలోనూ జప్తు సొమ్ము బడులదే, అక్కడా పోలీసులు ఇదే దారి తొక్కారు. ఇవి ఒకటి రెండు రాష్ట్రాల కథలు కావు. రాష్ట్ర చట్టం ఎంత కఠినంగా ఉంటే అక్కడి పోలీసులు ఫెడరల్ పంపకాన్ని అంత ఎక్కువగా వాడుకుంటున్నారని 2011లో నేరశాస్త్ర పరిశోధకులు లెక్కలు వేసి చూపించారు.

ఇక ఎవరిని ఆపుతారు? ఈ వరుస చదువుతున్నవాళ్లకు జవాబు చెప్పనక్కర్లేదు, కానీ వివరాలు తెలియాలి.

ఫ్లోరిడాలో వొలూసియా కౌంటీ షెరిఫ్ బృందం 95వ ఇంటర్‌స్టేట్ మీద కార్లు ఆపి నగదు గుంజుకున్న తీరును ఓర్లాండో సెంటినెల్ పత్రిక బయటపెట్టింది. సొమ్ము పోగొట్టుకున్నవాళ్లలో అత్యధికులు నల్లజాతివారు, లాటినోలు. ఆ కథనాలకు 1993లో పులిట్జర్ వచ్చింది. టెక్సాస్‌లో టెనాహా అనే వెయ్యి మంది ఊరుంది. 59వ నంబరు రహదారి ఆ ఊరి మీదుగా పోతుంది. బయటి ఊళ్ల నల్లవాళ్లను అక్కడ ఆపి ఒక బేరం పెట్టేవారు. డబ్బు మాకు రాసిచ్చి వెళ్లిపో, లేదంటే మనీ లాండరింగ్ కేసు. పిల్లలు వెంట ఉంటే, పిల్లల్ని ప్రభుత్వ సంరక్షణకు పంపిస్తామనేవారు. తల్లిదండ్రులు సంతకం పెట్టారు. ఎవరైనా పెడతారు. 2008లో వేసిన క్లాస్ యాక్షన్ దావా 2012లో ఒప్పందంతో ముగిసింది. టెన్నెసీలో 40వ ఇంటర్‌స్టేట్ మీద 2011లో ఒక టీవీ చానెల్ రికార్డులు తిరగేసింది. మత్తుపదార్థాలు నగరాల వైపు వచ్చే దారి ఒకవైపు, అమ్మిన డబ్బు తిరిగి వెళ్లే దారి మరోవైపు. పోలీసులు డబ్బు వెళ్లే వైపున పదిరెట్లు ఎక్కువగా కార్లు ఆపారు. మత్తుపదార్థాలను ఊళ్లోకి రానిచ్చి, డబ్బు బయటికి పోయేటప్పుడు పట్టుకోవడం! మాదకద్రవ్యాల మీద యుద్ధం లోపల జరిగిన వ్యాపారం ఏమిటో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

2014లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఫెడరల్ పంపకం రికార్డులు మొత్తం తవ్వింది. 2001 సెప్టెంబరు 11 తర్వాత వారంటు గానీ అభియోగం గానీ లేకుండా పట్టుకున్న నగదు కేసులు 61,998. సొమ్ము 250 కోట్ల డాలర్లకు పైనే.

అంటే పెద్ద ముఠాలను కొల్లగొట్టారేమో అనుకుంటారు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే సంస్థ 2020 నివేదికలో 21 రాష్ట్రాల లెక్కలు పోగుచేసింది. రాష్ట్రాల్లో నగదు జప్తుల మధ్యగత మొత్తాలను చూస్తే వాటి సగటు 1,276 డాలర్లు. ఒక నెల ఇంటద్దె అనుకోండి. ఇది సివిల్ కేసు కాబట్టి ప్రభుత్వం ఉచితంగా లాయరును ఇవ్వదు. 1,276 డాలర్ల కోసం లాయరుకు అంతకు రెండింతలు ఎవరు పెడతారు? చాలామంది కోర్టు గడప తొక్కరు. ఎవరూ హక్కు చెప్పలేదు కాబట్టి సొమ్ము జప్తు అని కాగితం పూర్తవుతుంది. బ్యాంకు ఖాతా, కార్డు ఉన్నవాడి ధనం రోడ్డు మీద కనబడదు. నగదు మోసేవాడు రోజుకూలీ, చిన్న వ్యాపారి, వలస వచ్చినవాడు, బ్యాంకు మీద నమ్మకం లేని ముసలితల్లి. పేదరికానికి ఉన్న రూపాన్నే అక్కడ అనుమానానికి ఆధారం చేశారు.

2000లో అమెరికా కాంగ్రెస్ ఒక సంస్కరణ చేసింది. అంతకుముందు, నా సొమ్ము నేరపు సొమ్ము కాదని యజమానే నిరూపించుకోవాలి. ఆ భారాన్ని ప్రభుత్వం మీదికి మార్చారు. ఇల్లినాయ్ రిపబ్లికన్ హెన్రీ హైడ్, డెట్రాయిట్ నల్లజాతి నాయకుడు జాన్ కాన్యర్స్ కలిసి నడిపిన బిల్లు అది. మంచిదే. కానీ పంపకం జోలికి పోలేదు. కాటేసే పామును కాస్త మర్యాదగా కాటేయమన్నారు, పాలు మాత్రం ఆపలేదు.

అందుకే యుద్ధం రాష్ట్రాలకు మారింది. నా ఉద్దేశంలో ఈ చరిత్రలో అసలు ఆసక్తికరమైన ఘట్టం ఇదే.

న్యూ మెక్సికో 2015లో సివిల్ జప్తునే రద్దు చేసింది. శిక్ష పడితేనే జప్తు, ఆ సొమ్ము పోలీసులకు కాదు, రాష్ట్ర ఖజానాకు. దొడ్డిదారి కూడా మూసింది: 50,000 డాలర్ల లోపు ఆస్తిని ఫెడరల్ సంస్థలకు అప్పగించకూడదు. రెండు సభల్లో ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. రిపబ్లికన్ గవర్నర్ సుసానా మార్టినెజ్ సంతకం చేశారు. ఈ చట్టం కోసం తిరిగినవాళ్లలో బ్రాడ్ కేట్స్ ఒకరు. 1980లలో ఫెడరల్ న్యాయశాఖలో జప్తు విభాగానికి అధిపతిగా చేసిన మనిషి ఆయన. తాను కట్టిన ఇల్లు కూల్చమని తానే వచ్చి చెప్పాడు.

కాలిఫోర్నియాలో అంత తేలిగ్గా కాలేదు. అక్కడ చిన్న మొత్తాలకు శిక్ష పడాలన్న నియమం 1990ల నుంచే ఉంది. పోలీసులు ఫెడరల్ దారిలో దాన్ని దాటేస్తున్నారు. లాస్ ఏంజెలిస్ నుంచి గెలిచిన నల్లజాతి సెనేటర్ హోలీ మిచెల్ ఆ దారి పూర్తిగా మూయాలని బిల్లు పెట్టారు. 2015లో పోలీసు సంఘాలు, ప్రాసిక్యూటర్లు దిగారు. అసెంబ్లీలో బిల్లు ఓడిపోయింది. మరుసటి ఏడు బేరం కుదిరింది. 40,000 డాలర్ల లోపు సొమ్ములో వాటా కావాలంటే ముందు నేరం రుజువై శిక్ష పడాలి, ఆ పైన అయితే అక్కర్లేదు. 2017 జనవరి 1 నుంచి అమలు. పోలీసు సంఘాలు అప్పుడు వ్యతిరేకత మానుకున్నాయి. ఆ 40,000 గీత సూత్రం ప్రకారం గీసింది కాదు, ఓట్ల కోసం గీసింది. అయినా మిచెల్ చేసింది తప్పని నేను అనను. 1,276 డాలర్లు పోగొట్టుకునేవాడు ఆ గీతకు ఎంతో కిందనే ఉంటాడు.

తర్వాత వరుసగా వచ్చాయి. 2016లో మేరీలాండ్ 50,000 గీత పెట్టింది. ఒహాయో లక్ష డాలర్లు, కొలరాడో 50,000, అరిజోనా 75,000, ఈ మూడూ 2017లో. మెయిన్ 2021లో సివిల్ జప్తునే తీసేసింది. మొదట చెప్పిన నెబ్రాస్కా కూడా 2016లో రద్దు చేసి, 25,000 డాలర్ల లోపు సొమ్మును ఫెడరల్ గుమ్మానికి పంపవద్దంది. గమనించారా? కూలర్‌లో దొరికిన 1,24,700 డాలర్లు ఆ గీతకు చాలా పైన. అదే కారు ఈ రోజు అదే రోడ్డు మీద ఆగితే, కొత్త చట్టం కూడా ఆ సొమ్మును అడ్డుకోదు.

గీత ఒక్కటే చిల్లు కాదు. రాష్ట్ర పోలీసులు, ఫెడరల్ ఏజెంట్లు కలిసి చేసే ఉమ్మడి టాస్క్ ఫోర్సులు ఇంకో చిల్లు. చాలా రాష్ట్రాలు వీటిని చట్టం బయటే వదిలేశాయి, లేదా పెద్ద మొత్తాలకు మినహాయించాయి. ఊరి పోలీసుకు ఫెడరల్ బిళ్ల తగిలిస్తే పట్టుకున్నది ఎవరన్నదే మసకబారుతుంది. ఇంకోటి మొండితనం. న్యూ మెక్సికో చట్టం వచ్చాక కూడా, అది రాష్ట్రానికే గానీ మాకు వర్తించదంటూ అల్బుకర్క్ నగరం సొంత ఆర్డినెన్సు కింద కార్లు గుంజుకుంటూనే ఉంది. ఆ నగరం ఆ రాబడిని బడ్జెట్‌లో ముందే లెక్క వేసుకునేది. 2018లో ఫెడరల్ కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. వచ్చే ఏడాది ఎన్ని కార్లు గుంజుకోవాలో ముందే తెలిసిన పోలీసు శాఖ నేరాన్ని చూస్తుందా, కారును చూస్తుందా?

రాష్ట్రాల అడ్డుకట్ట ఎందుకు అవసరమో వాషింగ్టనే నిరూపించింది. 2015 జనవరిలో తొలి నల్లజాతి అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ ఈ దత్తతలను చాలావరకు ఆపేశాడు. 2017 జులైలో జెఫ్ సెషన్స్ ఒక్క ఉత్తర్వుతో మళ్లీ తెరిచాడు. మధ్యలో 2015 డిసెంబరులో బడ్జెట్ కోతల వల్ల వాటాల చెల్లింపు కొన్నాళ్లు ఆగితే, పోలీసు సంఘాలు గగ్గోలు పెట్టాయి. ప్రజల భద్రత ప్రమాదంలో పడుతుందన్నాయి. ఒక మంత్రి సంతకంతో వచ్చిన రక్షణ ఇంకో మంత్రి సంతకంతో పోతుంది. చట్టసభ గీసిన గీత, ఎంత వంకరదైనా, సెషన్స్ వచ్చాక కూడా న్యూ మెక్సికోలో, కాలిఫోర్నియాలో నిలబడింది.

మనవాళ్లకు ఇబ్బంది కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. ఈ పోరాటంలో ముందు నిలబడింది వామపక్షం ఒక్కటే కాదు. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ ఉంది. దానితోపాటు ఆస్తి హక్కు పవిత్రమని నమ్మే ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్, కోచ్ సోదరుల డబ్బుతో నడిచే వేదికలు కూడా ఉన్నాయి. సంక్షేమం అంటే మొహం చిట్లించే జడ్జి క్లారెన్స్ థామస్, 2017లో ఒక టెక్సాస్ కేసులో, ఈ జప్తులు పేదల మీద, తమను తాము కాపాడుకోలేనివాళ్ల మీదే ఎక్కువగా పడతాయని రాశాడు. నేను వాళ్ల రాజకీయాలకు చప్పట్లు కొట్టను. కానీ ఆస్తి హక్కు అనగానే అది భూస్వాముల నినాదమని పక్కకు తోసేసే అలవాటు మనలో కొందరికి ఉంది. తరతరాలుగా ఆస్తి పెట్టుకోనివ్వని జనానికి, చేతికొచ్చిన మొదటి గేదె, మొదటి ఆటో, గల్లాపెట్టెలో మొదటి పదివేలు కూడా ఆస్తే. దాన్ని కాపాడే సూత్రాన్ని మనం శత్రువుకు ఎందుకు రాసివ్వాలి?

2019లో టింబ్స్ వర్సెస్ ఇండియానా తీర్పు చదవండి. 42,000 డాలర్ల ల్యాండ్ రోవర్‌ను గుంజుకున్నారు. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా 10,000. మితిమీరిన జరిమానాల మీద నిషేధం రాష్ట్రాలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. తీర్పు రాసిన గిన్స్‌బర్గ్ చరిత్రలోకి వెళ్లి బ్లాక్ కోడ్స్‌ను బయటికి తీశారు. అంతర్యుద్ధం ముగిశాక 1865లో మిసిసిపి, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ల మీద పనిలేక తిరుగుతున్నారన్న నేరం మోపి 50 డాలర్ల దాకా జరిమానా వేసింది. ఐదు రోజుల్లో కట్టలేకపోతే, ఆ జరిమానా ఎవరు కడితే వాళ్లకు షెరిఫ్ ఆ మనిషిని పనికి అప్పగిస్తాడు. అప్పు పేరుతో మనిషిని పట్టి ఉంచడమంటే ఏమిటో తెలంగాణ వెట్టి గురించి విన్నవాళ్లకు విడమర్చి చెప్పాలా?

మన దగ్గర పోలీసు శాఖకు జప్తులో 80 శాతం వాటా లాంటిది లేదు. ఈ తేడా మరిచిపోయి అక్కడిదంతా ఇక్కడికి అతికించకూడదు. అయితే జప్తు అన్న మాటే, అరబీ ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా మన కచేరీలకు వచ్చింది, శిస్తు కట్టని రైతు ఇంటి ముందు నిలబడింది. ఎన్నికలప్పుడు 50,000 రూపాయలకు పైన నగదుకు కాగితం చూపలేకపోతే చెక్‌పోస్టులో ఆగిపోతుంది. పశువులమ్ముకుని సంత నుంచి వచ్చేవాడి దగ్గర ఏ కాగితం ఉంటుంది? విడిపించుకోవడానికి జిల్లా కమిటీ ఉంది, అది మేలే. ఆ కమిటీ ఉందని తెలిసినవాళ్లెంతమంది? ఇంకా దగ్గరి పోలిక 2017 పశువుల నియమాలు. కేసు తేలకముందే పట్టుకున్న పశువుల్ని గోశాలకు అప్పగించవచ్చు, మేత ఖర్చు యజమాని నెత్తిన. శిక్ష పడ్డాకే పశువును స్వాధీనం చేసుకోవచ్చని మూలచట్టం చెబుతుంటే ఈ నియమాలు దానికి విరుద్ధంగా ఉన్నాయి కదా, మార్చండి లేదా వెనక్కి తీసుకోండి అని 2021 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. ఆ పశువుల్ని తోలేవాళ్లూ కొనేవాళ్లూ ఎవరో మీకు తెలుసు.

మళ్లీ అమెరికాకు. 2023లో ప్రతినిధుల సభ న్యాయవ్యవహారాల కమిటీ, పంపకాన్నే ఎత్తేసే ఫెయిర్ చట్టం బిల్లుకు ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదం తెలిపింది. బిల్లు అక్కడే ఆగింది. 2024 మేలో కల్లీ వర్సెస్ మార్షల్ కేసులో, గుంజుకున్న కారును కేసు తేలేదాకా పోలీసులే ఉంచుకోవచ్చా అని తేల్చడానికి ముందస్తు విచారణ ఏదీ ఇవ్వనక్కర్లేదని 6–3తో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఆరుగురితోనే ఉన్న గోర్సచ్, థామస్ మాత్రం ఈ జప్తు వ్యవస్థకు రాజ్యాంగంలో చోటుందా అని విడిగా అనుమానాలు రాశారు. కాబట్టి ఇప్పటికి పేదవాడి సొమ్ముకు ఉన్న కంచె రాష్ట్రాలు వేసిందే. 25,000 దగ్గరో, 40,000 దగ్గరో, లక్ష దగ్గరో.

వచ్చే ఆదివారం 10వ భాగంలో 1865 మిసిసిపి చట్టాలు, పక్కనే 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పెట్టి చదువుదాం. స్టువర్ట్‌పురం మీద చదివినవాళ్లు, పెద్దల నోట విన్నవాళ్లు మీ దగ్గరున్నది రాసి పంపండి.

జై భీమ్.